రాగికి రెండో పిల్ల ఏదీ?

మొన్న నడుమునొప్పికి వికారాబాద్‌లో ఎమ్మారై తీయించుకోవలసి వచ్చినప్పుడు, ఆ గొట్టంలోకి నన్ను నెట్టే ముందు అక్కడి టెక్నీషియన్ "లోపల మస్తు సప్పుడైతది అంకుల్, పరేషాన్ గాకుండ్రి, కదలకుండ్రి" అని ధైర్యం చెబితే, నాకు భయం వేయలేదు కానీ నవ్వొచ్చింది; ఎందుకంటే ఆ యంత్రానికి నేను వరసకు చుట్టాన్ని. మనిషిని అయస్కాంతంలో పడుకోబెట్టి, రేడియో తరంగాలతో పిలిచి, ఒంట్లోని పరమాణువులను పలికించడం దాని విద్య అయితే, అలాగే పిలిచి రాళ్లను పలికించడం ఒకప్పుడు నా విద్య. ఆ నవ్వుకు నడుము కదిలి, బొమ్మ చెడిపోయి, మళ్లీ మొదటినుంచి తీశారు.

ధారూర్ దగ్గర గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టిన నేను పట్నంలో పరిశోధక విద్యార్థినయ్యాను. కాపర్ సల్ఫైడ్ అనే రాయి, అంటే రాగీ గంధకమూ కలిసిన నీలిరంగు ఖనిజం, దాన్ని పొడి కొట్టి, గాజుగొట్టంలో పోసి, తీగచుట్టలో పెట్టి, పొగలుగక్కే చల్లటి ద్రవ నైట్రోజన్‌లో ముంచి, రేడియో మీట తిప్పుతూ కూర్చోవడమే నా పని. క్వాడ్రుపోల్ రెజొనెన్స్ అంటారు. దీనికి అయస్కాంతం కూడా అక్కర్లేదు, సరైన స్వరంలో పిలిస్తే రాగి దానంతటదే పలుకుతుంది, కాగితం మీద యంత్రపు పెన్ను ఒక శిఖరం గీస్తుంది. ఊరివైపు వచ్చినప్పుడల్లా తాండూరు స్టేషన్ బయట చాయ్ బండి దగ్గర మాత్రం నేను ఇంతకంటే చాలా ఎక్కువే చెప్పేవాణ్ణి. ఆ చల్లదనంలో పడి గాజులా బిగుసుకున్న ఈగ మూడోనాడు ఎండ తగిలి లేచి, అంతకుముందు వాలిన జిలేబీ మీదే తిరిగి వాలిందని చెబితే, విన్నవాళ్లు నాకు ఇంకో చాయ్ పోయించేవారు.

ఇన్ని కోతలు కోసిన నాకు మూడేళ్లపాటు ఆ రాయి ఒక్క మాట పలకలేదు. పెన్ను చెరువునీళ్లలా చదునైన గీతే గీసేది. ఈ నెలాఖరుకు ఏమీ రాకపోతే యంత్రాన్ని వేరే విద్యార్థికి అప్పగించి ఇంటికి వెళ్లమని గైడు గారు మెత్తగానే చెప్పారు. గొర్లు కాయడానికి నాకేం నామోషీ లేదు కానీ, ఆ చాయ్ బండి ముందునుంచి నడవడం ఎలా? సరిగ్గా అప్పుడే, ఒక శుక్రవారం, పెన్ను తాటిచెట్టంత లేచింది! సోమవారం గైడు గారికి చూపించవలసిన ఆ కాగితాన్ని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని, ముందు ఊళ్లో చూపించుకోవాలని ధారూర్ రైలెక్కాను.

మా మేనమామ గొర్ల దొడ్డి ముందు నులకమంచం మీద దాన్ని పరిచాను. అది మేతకు వెళ్లిన తల్లులు తిరిగొచ్చే వేళ. పగలంతా తడిక వెనక ఉన్న పిల్లలను అత్త వదిలిపెట్టగానే, అంత గోలలోనూ ప్రతి తల్లీ తన పిల్ల గొంతుకే పలుకుతుంది, పరాయిపిల్ల వస్తే కాలితో తంతుంది. ఇదే మామా నా చదువు అన్నాను. మామ ఒక్క క్షణంలో గ్రహించాడు. ఆ ఉత్సాహంలో ఇంకొంచెం చెప్పాను: రాగి పరమాణువులు రెండు రకాలు, కవలపిల్లల్లా ఎక్కడైనా కలిసే ఉంటాయి, పెద్దవాడి గొంతు గట్టిది, చిన్నవాడిది ఒక మెట్టు కింద, కాస్త బలహీనం.

మామ కాగితాన్ని ఈ కొసనుంచి ఆ కొసదాకా వేలితో తడిమాడు.

"గీడ ఒక్కటే లేసింది గదరా అల్లుడా. రెండోది ఏది?"

"అది బక్కది మామా. రొదలో కలిసిపోయింది."

"బక్కపిల్లనే ఎక్కువ ఒర్లుతదిరా! మూడేండ్లు సదివి గదీ తెల్వదా?"

అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే ఆ ప్రశ్న శుక్రవారమే నాకూ వచ్చింది, వచ్చినా వినబడనట్టు నటించాను. తెల్లారి మొదటి రైలుకే పట్నం వెళ్లి, తీగచుట్టలోంచి రాయి ఉన్న గొట్టం తీసేసి మళ్లీ మీట తిప్పాను. రాయి లేదు, శిఖరం మాత్రం కదలకుండా అక్కడే ఉంది. చిన్న స్పీకరు తగిలిస్తే, ఏదో తెలియని భాషలో ఒకావిడ ఎంతో ఓపికగా వార్తలు చదువుతోంది. నేను కనిపెట్టింది ఏదో దూరదేశపు రేడియో స్టేషను!

సోమవారం గైడు గారి ముందు, జీవితంలో మొదటిసారి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన, తన తప్పు తానే పట్టుకున్నవాడికి ఇంకో ఆర్నెల్లు ఇవ్వవచ్చు అన్నారు. పట్టుకున్నది మా మామ అని మాత్రం నేను చెప్పలేదు. ఒక్కరోజులో అంత నిజం నాకు అలవాటు లేదు. బయటి తరంగాలు చొరబడకుండా యంత్రం చుట్టూ రాగిరేకు కట్టి, ఆ వార్తలావిడను బయటికి పంపి, నాలుగో నెలలో పెద్దవాణ్ణీ చిన్నవాణ్ణీ పక్కపక్కనే పట్టుకున్నాను. ఊరికి పరుగున వెళ్లి చూపిస్తే మామ "వాళ్లు ముందుగాల్నే ఉన్నరు గదరా, నువ్వే ఆల్శంగ పిలిసినవ్" అని గొర్లకు నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయాడు.

ఆనాటినుంచి నేను ఏ కథ మొదలుపెట్టినా, నిజమో కోతో తేల్చడానికి ఆయనది ఒకటే అడ్డుపుల్ల: "దీని రెండోపిల్ల ఏదిరా?" జిలేబీ మీద వాలిన ఈగ కూడా ఆ ప్రశ్నకే చచ్చింది.

ఇప్పుడు మామ లేడు, ఆ దొడ్డి ఉన్నచోట మోటారు సైకిళ్లు బాగుచేస్తున్నారు. మొన్న ఎమ్మారై అయ్యాక తాండూరు వెళ్లి, ఆ చాయ్ బండి దగ్గరే, గొట్టంలో పడుకున్నప్పుడు నా వెన్నుపూసలు ఒక్కొక్కటీ పేరుపెట్టి పలికాయని చెప్పాను. అందరూ అవునా అన్నారు, ఒకతను ఫోనులో వీడియో కూడా తీసుకున్నాడు. చాయ్ చల్లారేదాకా చూశాను, ఎవరైనా అడుగుతారేమోనని.