రెండు వారాలకే అయిపోయే పెన్ను

నాలుగు వారాలు రావలసిన ఆకలిని కూడా చంపేసే నా షుగర్ ఇంజెక్షన్ పెన్ను రెండు వారాలకే ఖాళీ అయిపోయేది. డేటు రాకుండా కొత్తది ఇవ్వమనేవారు ఆసుపత్రిలో. బిలాస్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో ఎదురుగా కూర్చున్న ఒక తెలుగు పెద్దావిడ దగ్గర ఆ చిరాకంతా వెళ్లగక్కాను.

"అచ్ఛా, మీ ఇంట్లో ఇంకెవులైనా ఏసుకుంటన్నారేటి బాబూ?" అందావిడ.

"షుగర్ నాకొక్కడికే!" అని కసిరాను.

పెద్దావిడ నా పక్కనున్న మా ఆవిడ చేతికి వదులైపోయిన గాజుల్నే చూస్తూ ఉండిపోయింది.

"ప్రతిసారీ సూది మార్చేనండి," అని గొణిగింది మా ఆవిడ.

"సూది మార్చినా ఒకరి పెన్ను ఇంకొకరు వాడకూడదమ్మా," అంది పెద్దావిడ.

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఎవరి మీద అరవను? రెండు నెలలుగా "భలే సన్నబడ్డావే" అని ఆమెను మురిపించింది నేనే.