నలుపు తెలుపుల్లో మా నాయన

మా నాయనను నేను ఒక శుక్రవారం పూట చంపేశాను. కంగారు పడకండి. ఆయన ఇప్పటికీ తిరుచానూరులో తన పూలంగట్లో కూర్చుని మల్లెలు కడుతూనే ఉన్నాడు, టీ ఆలస్యమైతే విసుక్కుంటూనే ఉన్నాడు. కాకపోతే ఆ రోజు పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా మా మేనత్త ఉండే సత్యవేడు వాళ్ళ లెక్కలో ఆయన లేడు. అక్కడ జనం ఆయన మంచితనం గురించి చెప్పుకున్నారు, మా అత్త సొమ్మసిల్లింది, సగం వేసిన పెళ్ళి పందిరి విప్పడం మొదలుపెట్టారు. ఇదంతా చేసింది నేనే. కత్తి లేదు, విషం లేదు. నాలుగు నెలల గ్రాఫిక్ డిజైన్ పాఠాలు, అంతే.

డిగ్రీ అయ్యాక నేను బి.ఎడ్. చేసి టీచరమ్మనైపోవాలని నాయన పట్టు. నాకేమో తిరుపతి బస్టాండు దగ్గర ఒక మిద్దె రెండో అంతస్తులో నేర్పే డిజైన్ కోర్సు మీద మనసు. నెల రోజులు అలిగాను. రెండు పూటలు అన్నం మానేశాను (అందులో ఒక పూట వంటింట్లో తలుపేసుకుని తిన్నాను, అది నాయనకు ఇప్పటికీ తెలియదు). చివరకు ఆరు నెలల కోర్సుకు ఒప్పుకున్నాడు గానీ, నాలుగో నెలలో ఆయన ఓపిక అయిపోయింది.

"పాపా, నాలుగు నెలలుగా పోతావుండావు, వస్తావుండావు. ఏం నేర్సుకున్నావో నాకైతే తెలీలా," అన్నాడు ఒకరోజు. "మీ అత్త కొడుకు పెళ్ళి వచ్చె. మేనమామను గదా, నా పేరుతో స్వాగతం ఫ్లెక్సీ కట్టాల. అది నువ్వే సెయ్యి."

"నేనా?"

"నువ్వే. సూసినోళ్ళు నలుగురు బాగుండాదంటే కోర్సు ముగించు. ల్యాకుంటే సోమారం పొద్దున్నే బి.ఎడ్. ఫారం నింపు."

మా వైపు పెళ్ళిళ్ళ సంగతి తెలియని వాళ్ళ కోసం ఒక మాట. పెళ్ళికొడుకు మేనమామ ఫ్లెక్సీ ఊరి బస్టాండులో నిలువెత్తున కట్టి ఉండాలి. అది లేకపోతే "అన్నాచెల్లెళ్ళకు మాటల్లేవా?" అని నాలుగు వీధుల వాళ్ళూ అడుగుతారు. అంటే ఆ ఫ్లెక్సీ మీద మా నాయన పరువూ ఉంది, నా చదువూ ఉంది. ఇంత బరువు ఒక్క గుడ్డ మీద పెట్టకూడదని అప్పట్లో నాకు తోచలేదు.

మాకు పాఠం చెప్పే శ్రీధర్ సారు సన్నగా, నెమ్మదిగా ఉండేవాడు. ఏ డిజైన్ చూపించినా సగం కళ్ళు మూసుకుని చూసేవాడు. "అట్ల సూస్తే ముందు ఏది కనబడతాదో అదే మీరు చెప్పిన మాట. తక్కినదంతా ఉత్తదే," అనేవాడు. ఆ నాలుగు నెలల్లో నా నోటు పుస్తకంలోకి ఎక్కిన సూత్రాలు ఇవి: ముఖ్యమైనది ఒక్కటే పెద్దదిగా ఉండాలి. దాని చుట్టూ ఖాళీ వదలాలి, ఖాళీ కూడా పని చేస్తుంది. అక్షరాలు తక్కువగా ఉండాలి. రంగుల జోలికి పోకముందు డిజైన్‌ను నలుపు తెలుపుల్లో నిలబెట్టాలి, అక్కడ నిలబడితే ఎక్కడైనా నిలబడుతుంది.

ఈ చివరి సూత్రంలో "పోకముందు" అనే ముక్కను నేను రాసుకున్నాను. రాసుకుని మరిచిపోయాను.

పని మొదలుపెట్టాను. మామూలు పెళ్ళి ఫ్లెక్సీలంటే నాకప్పటికే వెగటు పుట్టింది. ముప్పై తలకాయలు, వెనకాల సూర్యకిరణాలు, సందు దొరికితే తామరపువ్వు! మా నాయనది అలా ఉండకూడదు. నా ఫోనులో ఆయన ఫోటో ఒకటి ఉంది. అంగట్లో కూర్చుని పైకి చూస్తున్నాడు, ముఖం మీద పొద్దుటి వెలుగు పడింది. నిజానికి ఎదురు మిద్దె మీద నుంచి మా అరటిపళ్ళ మీద కన్నేసిన కోతిని చూస్తున్నాడాయన. కోతిని కత్తిరించేశాను. మిగిలింది నాయన, ఆకాశం వైపు ఆయన చూపు. రంగులు తీసేస్తే ముఖంలో ఒక ప్రశాంతత వచ్చింది. ఫోటో చుట్టూ బోలెడు తెల్లటి ఖాళీ వదిలాను. పూల వ్యాపారి కదా అని గుండ్రంగా మల్లెల దండ ఒకటి చుట్టాను. కింద పేరు, మునిరత్నం. ఆ కింద కుడిమూలలో, చీమంత అక్షరాలతో, "మేనల్లుడి పెళ్ళికి విచ్చేసే బంధుమిత్రులకు స్వాగతం".

సగం కళ్ళు మూసుకుని చూశాను. నాయన ఒక్కడే కనిపించాడు. సూత్రాలన్నీ ఒక్క చోట పనిచేశాయి! సారుకు చూపిద్దామనుకున్నాను గానీ, కట్టాక చూపించి ఆశ్చర్యపరచాలనిపించింది. ఆశ్చర్యం వరకు ఏ లోటూ రాలేదు.

గురువారం సత్యవేడులో ఫ్లెక్సీలు వేసే సెల్వం అన్నకు ఫైలు పంపాను. కాసేపటికి ఆయనే ఫోన్ చేశాడు. గొంతు ఎందుకో చాలా మెత్తగా ఉంది.

"పాపా, తేదీ ఎయ్యలేదే?"

"వద్దన్నా, ఖాళీగా ఉంటేనే బాగుంటాది. అందరికీ తెలిసిందే గదా."

"నాకు తెలీదే పాపా. ఎప్పుడు?"

"ఆదివారం పొద్దున ఆరున్నరకి."

"ఆదివారమా! ఈపొద్దు బేస్తవారం. అంతదాకా పెట్టుకుంటారా? ఈ ఎండలకి?"

పెళ్ళి దండల గురించి అడుగుతున్నాడనుకున్నాను. "ఐసు పెట్టెలు ఉండాయిలే అన్నా. పూలు కట్టేవాళ్ళం గదా."

"శానా ధైర్యం పాపా నీకు," అన్నాడు.

"ఏం సేస్తామన్నా, మా నాయనే వారం కింద పిలిచి ఈ పని నువ్వే సెయ్యాలన్నాడు."

"వారం ముందే సెప్పినాడా! పుణ్యాత్ముడు."

మా నాయనను అందరూ గౌరవిస్తారని తెలుసు గానీ, ఇంతగానా అనుకున్నాను. సెల్వం అన్న ఆ చీమంత అక్షరాలు చదవలేదు. అది ఆయన తప్పు కాదు, ఎవరూ చదవాల్సిన పని లేకుండా చేసింది నేనే.

శుక్రవారం క్లాసులో మా ఫోన్లన్నీ సారు బల్ల సొరుగులో ఉంటాయి. పన్నెండున్నరకు తీసి చూసుకుంటే ముప్పైఒక్క మిస్డ్ కాల్స్! అన్నీ సత్యవేడు చుట్టాలవే. సంతోషంతో నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఒక్క ఫ్లెక్సీకి ఇంత పేరా? వెంటనే అత్తకు చేశాను.

"అత్తా! ఫ్లెక్సీ సూసినావా?"

అవతలి నుంచి ఏడుపు.

"అయ్యో, ఏడుస్తావుండావా అత్తా? నువ్వింతగా మెచ్చుకుంటావని అనుకోనేలేదే!"

"మాటమాత్రం సెప్పకపోతివే పాపా!"

"ముందే సెప్తే ఏం బాగుంటాది? ఉన్నట్టుండి సూస్తేనే గదా."

"మీయమ్మ... మీయమ్మ ఎట్లుండాది?"

"ఇంట్లో మిషను కుడతా ఉండాది. పెళ్ళికని కొత్త పట్టుసీర తీసుకునింది గదా, పచ్చది, దానికి జాకెట్టు."

ఏడుపు టక్కున ఆగిపోయింది. "పచ్చదా?" అంది అత్త.

"ఎర్రంచు."

ఫోను పెట్టేసింది. నాకు ఏమీ అర్థం కాలేదు. ఎర్రంచు అత్తకు నచ్చదేమో అనుకున్నాను. నాయనకు చేస్తే ఎత్తలేదు. అందులో వింతేమీ లేదు, శుక్రవారం అమ్మవారి దర్శనానికి వచ్చే జనంతో అంగట్లో ఊపిరాడదు, ఫోను ఏ పూలగంప అడుగునో ఉంటుంది. అమ్మకు మిషను చప్పుడులో వినపడదు. సరే, ఈ శుభవార్త నేనే మోసుకుపోతానని తిరుచానూరు బస్సెక్కాను.

నేను అంగడి చేరేసరికి ఎదురుగా ఒక వ్యాను ఆగింది. అందులోంచి గురవప్ప మామ దిగాడు. మా అత్త భర్తకు అన్న, పెళ్ళి పెత్తనమంతా ఆయనదే. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తల దించుకుని ఉన్నాడు. నాయన అంగడిని ఈ వైపుకు మార్చి ఆరు నెలలే కావడంతో, అది ఎవరి అంగడో ఆయనకు తెలియదు. నాయనేమో తలకు తువ్వాలు చుట్టుకుని, పళ్ళ మధ్య నార పట్టుకుని దండ కడుతున్నాడు.

"అప్పా, పెద్ద దండొకటి కట్టీ," అన్నాడు మామ తల ఎత్తకుండా.

"దేనికప్పా?" అన్నాడు నాయన తల ఎత్తకుండా.

"మావాడొకడు పోయినాడు. బంగారట్లాంటి మనిషి."

"అయ్యో. యా ఊరు?"

"ఈ ఊరే. పూలంగడి మునిరత్నం."

నాయన చేతిలో దండ ఆగింది. నార నోట్లోంచి జారింది. ఇద్దరూ ఒకేసారి తల ఎత్తారు. గురవప్ప మామ ఒక అడుగు వెనక్కి వేసి వ్యానుకు ఆనుకున్నాడు.

"బావా," అన్నాడు, "నువ్వు పోలేదా?"

"యాడికి పోయేది? శుక్రవారం గదా, బేరాల పొద్దు."

"అట్ల కాదు. నువ్వు సచ్చిపోయినావు."

"ఎప్పుడు?"

"అదే తెలీలేదు. తేదీ ఎయ్యలేదు." మామ ఫోను తీసి చూపించాడు. సత్యవేడు బస్టాండులో నా ఫ్లెక్సీ. కింద ఎవరో అగరొత్తులు వెలిగించారు. ఒక కొబ్బరికాయ కూడా కొట్టారు.

నాయన చాలాసేపు చూశాడు. "ఎవురు సేసినారిది?" అన్నాడు నెమ్మదిగా.

చదివేవాళ్ళు నన్ను మన్నించాలి. అప్పటికి కూడా నాకు వెలగలేదు. జనంలోంచి ముందుకు దూసుకొచ్చి, "నేనే నాయనా! బాగుండాదా?" అన్నాను.

ఆయన ఫోను నా చేతికిచ్చాడు. సారు నేర్పినట్టే సగం కళ్ళు మూసుకుని చూశాను. తెల్లటి ఖాళీ. నలుపు తెలుపు ముఖం. ఆకాశం వైపు చూపు. చుట్టూ దండ. మా ఊళ్ళలో ఎవరైనా పోయిన మరుసటి పొద్దున వీధి మొదట్లో కట్టేది ఇదే. చిన్నప్పటి నుంచి వందసార్లు చూసిందే. ఒక్కో సూత్రం ఒప్పే, అన్నీ కలిపితే మా నాయన లేడు! ఎక్కడ తప్పానో వెతుక్కుందామంటే నోటు పుస్తకంలో తప్పు ఒక్కటీ కనిపించదు. అంతలోనే, ఇలాంటి ఫ్లెక్సీ నిజంగా కట్టాల్సిన రోజు ఒకటి ఉంటుంది కదా అనిపించింది. భయమేసింది. నడివీధిలో నాయన చెయ్యి పట్టుకుని గట్టిగా ఏడ్చేశాను.

"నువ్వేడుస్తా ఉంటే సూసేవోళ్ళు నిజమనుకుంటారు, ఊరుకో," అన్నాడు నాయన.

"బావా, ముందు ఇంటికి ఫోన్ సెయ్యి," అన్నాడు గురవప్ప మామ. "పందిరి విప్పమని సెప్పి వచ్చినాను. మేనమామ పోయినాక పెళ్ళేంది?"

నాయన అత్తకు ఫోన్ చేశాడు. "అమ్మా, నేను, మీ అన్నను. బాగుండాను." అవతల ఏదో కిందపడిన చప్పుడు. అది అత్త. ఇక మాటలతో కాదని, నాయన తువ్వాలు దులుపుకుని అదే వ్యాను ఎక్కాడు. నన్నూ ఎక్కించాడు. దారంతా నేను మనసులో బి.ఎడ్. ఫారం నింపుకుంటూ కూర్చున్నాను. తండ్రి పేరు అన్న చోట ఏం రాయాలో తోచలేదు.

నాలుగింటికి సత్యవేడులో వ్యాను దిగాం. విప్పుతున్న పందిరి కింద మూడు వీధుల జనం ఉన్నారు. నాయన దిగగానే ముందు వరసవాళ్ళు వెనక్కి జరిగారు. అత్త పరుగెత్తుకొచ్చి ఆయన చెంపలు, భుజాలు తడిమి చూసి, నిజమేనని తేలాక ఆయన్ని నాలుగు పీకింది. అత్త అత్తగారు మునెమ్మవ్వ కర్ర ఊపుతూ, "గండం గడిసిపోయినాది! ఈడికింక నూరేండ్లు! కట్టండ్రా పందిరి!" అని అరిచింది. విప్పిన చేతులే మళ్ళీ కట్టడం మొదలుపెట్టాయి.

ఆ తర్వాత అందరం ఫ్లెక్సీ తీయించడానికి బస్టాండుకు పోయాం. నేను గురవప్ప మామ వెనక నక్కి నిలబడ్డాను. మునెమ్మవ్వ ఫ్లెక్సీ కింద ఆగి, తల పైకెత్తి చాలాసేపు చూసింది.

"ఎవురే ఇది సేసింది?"

ఎవరో నన్ను ముందుకు తోశారు.

"ఎంత బాగుండాదో తల్లీ! ముఖంలో ఎంత కళ! మా ఆయనకి పెట్టినారు ఒకటి, సూర్యుడూ కిరణాలూ ముప్పై తలకాయలూ, ఆయన యాడుండాడో నేనే ఎతుక్కోవాల్సి వచ్చె. నాకు ఇట్లాంటిది సేసి పెట్టవే. నేనుండంగానే సూసుకుంటా."

"నాకూ ఒకటి పాపా," అన్నాడు గురవప్ప మామ, కాస్త సిగ్గుపడుతూ. "మీసం కనబడేట్టు."

వెనక నుంచి ఇంకో ఇద్దరు పెద్దమనుషులు తమ ఫోటోలు ఎక్కడ దొరుకుతాయో చెప్పడం మొదలుపెట్టారు. పెళ్ళికి నేను స్వాగతం చెప్పబోయిన ఊరు తన చావులకు నాకు ముందస్తు పని అప్పజెప్పింది. నవ్వాలో ఏడవాలో తెలియక నాయన వైపు చూశాను. ఆయన వేళ్ళు మడిచి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకుంటున్నాడు.

"నలుగురు బాగుండాదన్నారు," అన్నాడు నిట్టూర్చి. "మాటంటే మాటే. కోర్సు ముగించు. కానీ పాపా, నీ ఫోనులో నా ఫోటోలెన్ని ఉండాయో అన్నీ ఇప్పుడే, నా ముందరే తీసెయ్."

ఫ్లెక్సీని మాత్రం ఆయన పారేయనివ్వలేదు. మంచి మందం, ఎండ ఆగుతుందన్నాడు. బొమ్మ లోపలికి తిప్పి అంగడికి పైకప్పుగా కట్టుకున్నాడు. భక్తులకు తెల్లటి గుడ్డే కనిపిస్తుంది. మధ్యాహ్నం బేరం లేనప్పుడు వెల్లకిలా పడుకునే మా నాయనకు మాత్రం మా నాయనే కనిపిస్తాడు.

కాబట్టి నేను నా కంప్యూటర్ మౌస్ మీద కుడి చెయ్యి పెట్టి, శ్రీధర్ సారు సగం మూసిన కళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఊపిరి ఉన్న ఏ మనిషినీ ఇకమీదట నలుపు తెలుపుల్లో నిలబెట్టను. నాకు పని చెప్పేవాళ్ళను ముందు "బాగుండారా?" అని అడిగి, జవాబు వారి నోటితోనే విని, ఆ తర్వాతే చెయ్యి వేస్తాను. బతికున్న వాళ్ళందరికీ ఎరుపు, పసుపు, పచ్చ, నీలం దండిగా పోస్తాను. అన్నీ పోశాక కూడా ఎక్కడైనా జానెడు ఖాళీ మిగిలితే, మూలసూత్రాలు నన్ను క్షమించుగాక, అందులో ఒక నెమలిని దింపుతాను.