నొప్పి తెలియనివాళ్లట!

1997 వానాకాలం. అరకు లోయకు పైన, కొండల నడుమ పన్నెండు మంచాల సర్కారు ఆసుపత్రిలో నేను డ్రెస్సర్ని. అంటే పుండు కడిగి, మందు రాసి, కట్టు కట్టేవాణ్ని. బడిలో చదివింది ఏడో తరగతి. మిగిలినదంతా డాక్టర్లు పారేసిన పుస్తకాల్లోంచి, నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నదే.

ఒకరోజు సుక్రి అనే ముప్పై ఏళ్ల ఆడమనిషిని డోలీలో మోసుకొచ్చారు. మరుగుతున్న చోడి అంబలి కుండ పగిలి, కుడికాలు మోకాలి నుంచి పాదం దాకా కాలిపోయింది. కాలిన పుండుకు రోజూ కట్టు మార్చాలి. పాత గాజుగుడ్డ పచ్చి మాంసానికి అంటుకుపోతుంది. సెలైన్ అనే ఉప్పునీళ్లతో ఎంత నానబెట్టినా, ఊడదీసేటప్పుడు ప్రాణం పోయినంత పనవుతుంది. అందుకే ముందు నొప్పి ఇంజక్షన్ ఇవ్వాలి.

"ఈ కొండవాళ్లకి నొప్పి తెలీదయ్యా. మందు దాచు" అన్నాడు డ్యూటీ డాక్టరు.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేనూ నమ్మానే, అందుకు ఇంకా మండుతుంది. ఇంజక్షన్ లేకుండా కట్టు మార్చినా మూడు రోజులు ఆమె కిక్కురుమనలేదు మరి! పైగా వెంట వచ్చిన ముగ్గురు ఆడవాళ్లను, వార్డు మురికవుతుందని వరండాలోకి తోలింది కూడా నేనే.

నాలుగో రోజు వెళ్లేసరికి సుక్రి మంచం దిగి, గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"ఏటమ్మా, ఏటి సేత్తన్నావు?"

"ఎల్లిపోతాను బాబూ. సచ్చినా మా ఊర్లోనే సస్తాను."

"కాలు కుళ్లిపోతాది. తీసెయ్యాల్సొస్తాది."

ఆమె చేతిలో చీర కొంగు చూశాను. కొరికి కొరికి పేలికలైపోయి ఉంది.

"అంత నొప్పుంటే అరవొచ్చు కదమ్మా!"

"అరిస్తే నువ్వు కసురుతావు కదా."

వరండాలోంచి గాసమ్మ అనే పెద్దావిడ తల లోపలికి పెట్టింది.

"మమ్మల్ని తోలేసినావు. మాలో ఎవులికి నొప్పొచ్చినా ఒక్కద్దాన్నే వదిలెయ్యం బాబూ. కానుపైనా అంతే."

ముగ్గురిచేతా సబ్బుతో చేతులు కడిగించి లోపలికి పిలిచాను. ఇంజక్షన్ ఇస్తేగానీ కట్టు ముట్టనని డాక్టరు ముందు నిలబడ్డాను. సణుక్కుంటూ ఇచ్చాడు.

అరగంట ఆగి మొదలుపెట్టాను. సుక్రిని మధ్యలో కూర్చోబెట్టుకుని, థింసా నాట్యం ఆడేటప్పటిలాగే వీపుల వెనక చేతులు పెనవేశారు. ఊగుతూ వాళ్ల భాషలో పాట ఎత్తుకున్నారు. నా వంక చూసి నవ్వుకోవడం చూస్తే పాట నా మీదేనని తెలిసిపోయింది.

"నన్నేటంటన్నారు?"

"నీ సేతులకన్నా ఎలుగ్గొడ్డు సేతులు మెత్తనంట!" అంది గాసమ్మ.

సుక్రి ఫక్కున నవ్వింది. ఆ నవ్వులోనే గుడ్డ సగం ఊడొచ్చింది. తక్కిన సగానికి "అమ్మా!" అని గట్టిగా అరిచింది. కాలు మాత్రం వెనక్కి లాక్కోలేదు. ఊరికి పోతానన్న మాట మళ్లీ ఎత్తలేదు. నెలా పది రోజులకు తన కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లింది.

కొన్నేళ్ల తర్వాత ఒక పాత పుస్తకంలో ఎండార్ఫిన్ల గురించి చదివాను. నొప్పిని అణచడానికి, మనసు తేలికపరచడానికి ఒళ్లు తనలో తానే తయారుచేసుకునే మందు అది. నల్లమందు చేసే పనే చేస్తుంది. నలుగురూ కలిసి పాడినా, ఒక్క లయలో ఊగినా, మనసారా నవ్వినా ఊరుతుందట. ఆ మందును నేను మూడు రోజులు వరండాలో కూర్చోబెట్టాను! ఇది చదివి, ఇక ఇంజక్షన్ ఎందుకు అనే పెద్దమనుషులు ఉంటారు. వాళ్లకు ముందే చెబుతున్నాను, రెండూ కావాలి.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా "పక్కన ఎవరుండాలి?" అని అడిగాకే కత్తెర పట్టాను. "నా మొగుడు తప్ప ఎవరైనా సరే" అన్నవాళ్లూ ఉన్నారు. "నాకెవరూ లేరు బాబూ" అన్నవాళ్లూ ఉన్నారు. అలాంటప్పుడు కట్టు జోలికి వెళ్లకుండా, ముందు కాసేపు వాళ్ల చెయ్యి పట్టుకుని కూర్చునేవాణ్ని.