గిన్నె మోగించాల్సిన వేళలు

మా పాపకు వినపడడం లేదేమోనని నా భయం. తొమ్మిది నెలల పిల్ల. వెనక నిలబడి పిలిస్తే తిరిగి చూడదు. "దానికి నీ గొంతు విసుగొచ్చింది, అంతే" అంటుంది మా ఆవిడ. నేను కెమిస్ట్రీ చదివినవాణ్ణి, అంత తేలిగ్గా ఒప్పుకోను. ఆరు వారాలు తిప్పించుకున్నాక చెవుల డాక్టరుగారు గురువారం మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నారు. అది తప్పితే మళ్లీ రెండు నెలలు ఆగాలి.

ఆ గురువారాన్ని నాకు దక్కించిన మనిషిని మా ల్యాబ్‌లో అందరూ తేదీలక్క అంటారు. మాది నీళ్లు పరీక్షించే ల్యాబ్. పద్నాలుగు మందిమి, మీటింగు గది ఒక్కటే. అక్క ఇరవై రెండేళ్ల కిందట టైపిస్టుగా చేరింది. ఆ కొత్తల్లో ఒకే గదిలో ఒకే గంటకు రెండు మీటింగులు పెట్టుకున్నారట. మేం లేవమంటే మేం లేవమన్నారు. రెండు జట్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని, చివరికి ఒకళ్ల కాగితాల మీద ఇంకొకళ్లు సంతకాలు పెట్టేసి వెళ్లిపోయారు. మర్నాడు అక్క ఒక పెద్ద అట్ట తెచ్చి, గళ్లు గీసి గోడకు కొట్టింది. తర్వాత అట్ట పోయి కంప్యూటర్ వచ్చింది కానీ గళ్లు మాత్రం ఆవిడవే. మీటింగు గదికి ఆకుపచ్చ, మిషన్లకు నీలం, తనిఖీలకు ఎరుపు.

"ఇందులో ఉంటే చెయ్యి. లేకపోతే నా దగ్గరికి రా." ఇదొక్కటే ఆవిడ చట్టం. ఓసారి ఒక గడిలో "కుర్చీలు బయటికి" అని ఉంటే, ఎందుకని అడక్కుండా అందరం కుర్చీలు వరండాలో పెట్టి రోజంతా నిలబడి పనిచేశాం. గోడలకు రంగు వేసేవాళ్లు రావాల్సింది ఆ పై నెల. అక్క నెల తప్పు వేసింది. అయినా ఎవరూ కిక్కురుమనలేదు.

ఇంకో సంగతి. ప్రతి మంగళవారం నాలుగు నుంచి ఐదు దాకా అక్క పేరు మీద బూడిదరంగు గడి ఒకటి ఉంటుంది. అందులో "బయట" అని తప్ప ఇంకేమీ ఉండదు. ఎక్కడికి వెళుతుందో ఎవరికీ తెలియదు. బస్సు నడిపే వాళ్లాయన ఓసారి ఆ వేళకు ఆఫీసుకు ఫోన్ చేసి, "మా ఆవిడ ఎక్కడికెళ్లిందో మీకేమైనా తెలుసా" అని మమ్మల్నే అడిగాడు.

ఇక నా ఘనకార్యం. పాప వెనక గిన్నె మోగించి చూడడం అప్పటికే మొదలుపెట్టాను, నేను ఆఫీసులో ఉంటే మా ఆవిడ చేత మోగించేవాణ్ణి. మొన్న ఆదివారం కూర్చుని, పాప వినికిడిని శాస్త్రీయంగా నమోదు చేద్దామని ఫోన్‌లో రాసుకున్నాను. రోజూ పదకొండింటికి, నాలుగింటికి: "వెనక నుంచి గిన్నె మోగించాలి. తిరిగి చూస్తే ఔను, చూడకపోతే కాదు. పుస్తకంలో రాయాలి." గురువారం మూడింటికి: "చెవి పరీక్ష". ఫోన్‌లో నా సొంత క్యాలెండరూ ఆఫీసుదీ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. నా వేలు కిందిదాని మీద పడింది. అది నేను చూసుకోలేదు. సోమ, మంగళవారాలు పాపకు జలుబని సెలవు పెట్టాను.

బుధవారం వెళ్లాను. పదకొండు కాగానే గదిలో కంప్యూటర్లన్నీ ఒక్కసారి టింగుమన్నాయి. స్టోర్ కీపర్ లేచి, సొరుగులోంచి స్టీలు గిన్నె, గరిటె తీసుకుని, పిల్లిలా నడిచి డైరెక్టర్‌గారి వెనక నిలబడి మూడు దెబ్బలు కొట్టాడు. ఆయన తలెత్తకుండా సంతకాలు పెడుతూనే ఉన్నారు. స్టోర్ కీపర్ పుస్తకంలో ఏదో రాసుకుని తిరిగొచ్చాడు.

"ఏంటన్నా అది?" అన్నాను.

"నాకేం తెలుసు? క్యాలెండర్‌లో ఉంది."

"సార్ వెనకే ఎందుకు?"

"ఎవరి వెనకని రాయలేదు. తలుపుకి వీపు పెట్టి కూర్చునేది ఆయనొక్కరే."

ఫోన్ తీసి ఆఫీసు క్యాలెండర్ చూసుకున్నాను. పరుగున అక్క దగ్గరికి వెళ్లాను.

"నీ పేరు చూసి ఏదో ప్రయోగం అనుకున్నా, సైన్స్ చదివినవాడివి కదా" అంది తాపీగా. "గుమాస్తా అయితే నిన్ననే వెళ్లి చెవుల్లో గుబిలి తీయించుకొచ్చాడు, రేపు పరీక్షని."

"సార్ ఏమీ అనలేదా?"

"ఎన్నాళ్లమ్మా ఇది, అనడిగారు. ఆఖరి తేదీ లేదు సార్, అన్నా. సరేలే అన్నారు."

"అక్కా, మొత్తం తీసెయ్యండి. ఎవరికీ చెప్పకండి."

"రేపటిది కూడానా? అది తీస్తే నీ గంట ఖాళీగా కనిపిస్తుంది బాబూ. ఖాళీ గంట కనిపిస్తే మన సార్ ఊరుకోరు."

నేను వినలేదు. తీసేసింది. నా సీటుకు వచ్చి కూర్చున్నానో లేదో కబురొచ్చింది. గురువారం మూడింటికి మిషన్ల తనిఖీ, నేను తప్పకుండా ఉండాలి.

సార్ దగ్గరికి వెళ్లి చెప్పాలంటే గిన్నె సంగతి మొదలుకొని చెప్పాలి. మళ్లీ అక్క ముందే నిలబడ్డాను. "మా పాపకి వినపడదేమో అక్కా" అన్నాను. ఇంట్లో తప్ప బయట ఆ మాట అనడం అదే మొదలు.

అక్క టైపింగ్ ఆపి స్టోర్ కీపర్‌ని కేకేసింది. "నీ పుస్తకం ఇలా తే."

చదివింది. సోమవారం ఉదయం, ఔను, పెన్ను పడేశారు. సాయంత్రం, ఔను. మంగళవారం ఉదయం, ఔను, విసుక్కున్నారు. సాయంత్రం, కాదు. బుధవారం, కాదు.

"సార్‌కి చెవుడొచ్చిందంటావా?" అంది.

"లేదక్కా. అలవాటైపోయింది."

"మీ పిల్ల వెనక ఎన్నాళ్లనుంచి కొడుతున్నావు?"

"నెల్రోజులు."

అక్క పుస్తకం మూసేసింది. "అయినా సరే, డాక్టరుకి చూపించు" అంటూ, గురువారం రెండు నుంచి ఐదు దాకా నా పేరు మీద బూడిదరంగు గడి పెట్టి, సార్‌కి ఫోన్ చేసింది.

"రేపు మూడింటికి ఆ అబ్బాయి బయట సార్... బయట సార్... అదే సార్, బయట." అవతలి మాట విని, "శుక్రవారమా? అలాగే సార్" అని పెట్టేసింది.

డాక్టరుగారు నా గిన్నె సంగతంతా విని, పాపను వాళ్లమ్మ ఒళ్లో కూర్చోబెట్టి, సన్నవీ లావువీ ఏవేవో చప్పుళ్లు వినిపించారు. అన్నిటికీ తిరిగింది. చివర్లో ఎవరో పక్కగదిలో బిస్కెట్ ప్యాకెట్ విప్పితే ఒళ్లోంచి దూకబోయింది. "చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆ గిన్నె మాత్రం వంటకు వాడుకోండి" అన్నారాయన. నేను మా ఆవిడ వైపు చూడలేదు.

శుక్రవారం పదకొండింటికి కూడా ఏ చప్పుడూ లేకపోయేసరికి డైరెక్టర్‌గారు పెన్ను ఆపి, వెనక్కి తిరిగి తలుపు వైపు చూశారట. స్టోర్ కీపర్ అలవాటు కొద్దీ "ఔను" అని రాశాడు.

ఆ సాయంత్రం అక్క నా ఫోన్ తీసుకుని రెండు క్యాలెండర్లకూ చెరో రంగు వేసి ఇస్తూ ఇలా అంది: "ఎప్పుడు ఉండవో అందరిదాంట్లో పెట్టు. ఎందుకు ఉండవో నీదాంట్లో పెట్టుకో. రానూ పోనూ చెరో గంట కలుపు."

అప్పటినుంచీ అలాగే చేస్తున్నాను. ఇంట్లో కూడా ఒక ఉమ్మడి క్యాలెండర్ పెట్టాను. మొదటి వారమే అందులో ఆదివారం నాలుగింటికి, మా ఆవిడ పేరు మీద, బూడిదరంగు గడి ఒకటి ప్రత్యక్షమైంది. "బయట" అని ఉంది. ఎందుకని నేను అడగలేదు.