మంగళ, గురువారాల డాక్టరు

నాలుగో మంచం టీచరమ్మకు రక్తం ఎక్కించడం ఎన్నోసారో వార్డులో ఎవరికీ గుర్తు లేదు. అయినా పెద్ద సిస్టర్ రక్తం బ్యాగు చేత్తో పట్టుకుని మంచం పక్కన నిలబడి, ఎప్పుడూ చూడని మనిషిని అడిగినట్టు అడిగింది.

"మీ పేరు చెప్పండి."

"ఇవాళ కూడా నేనే సిస్టర్," అంది టీచరమ్మ. "మారిపోదామని చూశాను గానీ కుదర్లేదు."

"పేరు."

టీచరమ్మ పేరు చెప్పింది, పుట్టిన తేదీ చెప్పింది. సిస్టర్ ఆమె చేతికున్న పేరు పట్టీ చూసి, బ్యాగు మీది చీటీ చూసి, పక్కనున్న నర్సు చేత రెండూ పైకి చదివించి, అప్పుడు గానీ గొట్టం తగిలించలేదు. కొత్తగా వచ్చే నర్సులకు ఆమె మొట్టమొదట నేర్పేది ఇదే. "మీరు ఫలానా కదా?" అని అడక్కూడదు. జ్వరంలో ఉన్నవాళ్లు, మగతలో ఉన్నవాళ్లు, తెల్లకోటు చూస్తే బెదిరేవాళ్లు దేనికైనా ఊ అంటారు. ఆ ఊ పట్టుకుని ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కిస్తే మనిషి దక్కడు. వాళ్ల నోటితో వాళ్ల చేతే చెప్పించాలి.

రక్తజబ్బుల వార్డులో ఆమె ఉద్యోగమంతా ఎవర్నీ నమ్మకపోవడమే. ఫ్రిజ్ తలుపు వేశామంటే వెళ్లి లాగి చూస్తుంది. మందు వేసుకున్నానంటే నోరు తెరవమంటుంది. కుర్ర డాక్టర్లు చాటుగా 'డేగ' అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో కూడా ఆమెకు అనుమానం ఉంది. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకున్న ఆమె భర్త, "పెళ్లయిన కొత్తలో నన్నూ రెండుసార్లు పేరడిగింది. కంగారుపడి ఇంటిపేరుతో సహా అప్పజెప్పాను," అని బట్టలివ్వడానికి వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు.

అలాంటి మనిషికి చిన్న డాక్టరు వ్యవహారం మింగుడుపడలేదు.

చిన్న డాక్టరు రక్తజబ్బుల వైద్యంలో పైచదువు చదువుతూ వార్డు పని చేస్తున్నాడు. పొద్దుట్నుంచి రోగులతోనే సరిపోతే పరిశోధనకు తీరిక ఎక్కడిది? అందుకే ఒక ట్రస్టు డబ్బు పెట్టింది. షరతు ఒక్కటే: మంగళ, గురువారాలు అతని జోలికి ఎవరూ పోకూడదు. రోగులు లేరు, డ్యూటీ లేదు, పై అంతస్తులో ఒక గది, దాని పక్కన ల్యాబు, అంతే. ఎక్కించిన రక్తం కొందరి ఒంట్లో వారాల తరబడి నిలుస్తుంది. టీచరమ్మ లాంటివాళ్లలో నాలుగు రోజులు తిరక్కుండానే విరిగిపోతుంది. ఎందుకో తేల్చడం అతని పని. ఏడాది చివర ట్రస్టు తరఫున ఒకరు వచ్చి చూస్తారు. తృప్తి కలిగితే ఇంకో ఏడాది డబ్బిస్తారు, లేకపోతే ఆ పని అక్కడితో సరి.

అతను లేని ఆ రెండు రోజులూ వార్డు బరువంతా సిస్టర్ నెత్తిన పడేది. పడితే పడింది, చదువుకునే పిల్లాడు అనుకుంది మొదట్లో. కానీ ఒక గురువారం ఏదో పని మీద పై అంతస్తుకు వెళితే ఆ గదికి తాళం. పై వారమూ తాళమే. అద్దంలోంచి చూస్తే బల్ల మీద దుమ్ము, మూత వేసిన మైక్రోస్కోపు. బుధవారం పొద్దున మాత్రం అతను గొంతు బొంగురుపోయి వచ్చేవాడు.

"మైక్రోస్కోపుతో మాట్లాడితే ఎవరికైనా గొంతు పోతుందా?" అంది ఇంట్లో.

భర్త సూదిలో దారం ఎక్కిస్తూ, "పాటలు నేర్చుకుంటున్నాడేమోలే," అన్నాడు.

"మీకన్నీ వేళాకోళాలే. బయట ఎక్కడో క్లినిక్కులో కూర్చుంటున్నాడు. ఇక్కడ ట్రస్టు సొమ్ము, అక్కడ ఫీజులు."

"అడిగెయ్యరాదూ?"

"అడిగితే లేదంటాడు. పట్టుకోవాలి."

అందుకే టీచరమ్మకు నరం దొరకనప్పుడల్లా, మంగళవారమైనా గురువారమైనా, అతనికే ఫోను చేయించేది. అతని చెయ్యి మంచిదన్నది నిజమే. ఎంతసేపట్లో వస్తాడో చూస్తే ఎక్కడ్నుంచి వస్తున్నాడో తెలుస్తుందన్నది అసలు సంగతి. అతను ప్రతిసారీ ఆయాసపడుతూ వచ్చేవాడు. పై అంతస్తు నుంచి దిగేవాడికి ఆయాసమెందుకు?

ఒక మంగళవారం కిటికీలోంచి చూస్తుండగా, అతను కోటు మడిచి చంకలో పెట్టుకుని వెనక మెట్ల మీదుగా దిగుతూ కనిపించాడు. సిస్టర్ వార్డు ఇంకో నర్సుకు అప్పగించి వెంటపడింది. అతను వాహనాలు పెట్టే చోటు దాటాడు. గేటు వైపు తిరుగుతాడనుకుంది. తిరగలేదు. బయటి రోగులను చూసే కొత్త భవనంలోకి వెళ్లాడు.

అక్కడ నడవా నిండా జనం. గది తలుపు మీద పెద్ద డాక్టరు పేరు. పెద్ద డాక్టరంటే ఆ విభాగం మొత్తానికి అధిపతి, చిన్న డాక్టరుకు గురువు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపల కనిపించింది: పెద్ద డాక్టరు కుర్చీ ఖాళీ. పక్కన స్టూలు మీద చిన్న డాక్టరు, ముందుకు వంగి, చెవి వినపడని ముసలాయనకు మందులు ఎలా వాడాలో అరిచి చెబుతున్నాడు.

ఓపీ అయ్యేదాకా ఆమె అక్కడే నిలబడింది. బయటికొచ్చిన అతను ఆమెను చూసి బిగుసుకుపోయాడు.

"పై గదిలో ఉండాలి కదా బాబూ మీరు?"

"సార్‌కి మీటింగు ఉంది సిస్టర్. ఇవాళ ఒక్కరోజు చూడమన్నారు."

"ఎన్నో ఒక్కరోజు ఇది?"

అతను నవ్వబోయి మానేశాడు. "ఎక్కడా అనకండి. రేపు నా చదువు అయిందని సంతకం పెట్టాల్సింది ఆయనే."

వెనక్కి నడుస్తున్నంతసేపూ సిస్టర్‌కు అనుమానం తగ్గలేదు, ఇంకో వైపు తిరిగిందంతే. పోనీ నిజంగానే ఒక్కరోజేమో. పోనీ ఇతనే ఓపీలో పేరు సంపాదించుకుంటున్నాడేమో. గది బల్ల మీది దుమ్ము మాత్రం ఒక్కరోజుది కాదు.

ట్రస్టు మనిషి వచ్చే ముందురోజు పెద్ద డాక్టరు ఆమెను గదికి పిలిచి కుర్చీ చూపించాడు. అదివరకు ఎప్పుడూ చూపించలేదు. ఆమె కూర్చోలేదు.

"రేపు మిమ్మల్నీ ఒక మాట అడుగుతారు సిస్టర్. ఆ రెండు రోజులూ అతను వార్డు డ్యూటీకి రాడని చెప్పండి చాలు. నిజమే కదా?"

"నిజమే సార్."

"డబ్బు ఆగిపోతే నష్టపోయేది అతనే. నాకేముంది?"

ఇంటికొచ్చి కూర పొయ్యి మీద పెట్టి అలాగే నిలబడిపోయింది. మాడువాసన వస్తే భర్త వచ్చి స్టవ్ కట్టేశాడు.

"అబద్ధం చెప్పమన్నారా?"

"అబద్ధమైతే చెప్పనని వచ్చేసేదాన్ని. నిజమే చెప్పమన్నాడు."

"మరింకేం?"

"నిజం చెబితే ఇంకో ఏడాది డబ్బొస్తుంది. ఇంకో ఏడాదీ ఆ స్టూలు మీదే కూర్చుంటాడు. టీచరమ్మ రక్తం విరిగిపోతూనే ఉంటుంది. ఉన్నదున్నట్టు చెబితే డబ్బు పోతుంది, పిల్లాడి మీద ఆయన కత్తి కడతాడు."

భర్త మాడిన కూరను గరిటెతో కదిపాడు.

ట్రస్టు తరఫున వచ్చినావిడ మెత్తగా మాట్లాడే మనిషి. మీటింగు గదిలో ఆవిడకు ఒక పక్క పెద్ద డాక్టరు, ఎదురుగా చిన్న డాక్టరు, చివర సిస్టర్. ఆవిడ ముందే ఎవరో చెప్పి పెట్టిన మాటల్నే మళ్లీ అడుగుతున్నట్టు అనిపించింది సిస్టర్‌కు.

"మంగళ, గురువారాలు మీకు పరిశోధనకే దొరుకుతున్నాయి కదా డాక్టరుగారూ?"

చిన్న డాక్టరు పెద్ద డాక్టరు వైపు చూడకుండా, "ఊ," అన్నాడు.

"ఆ రోజుల్లో ఈయన వార్డు డ్యూటీకి రావడం లేదు కదా సిస్టర్?"

ఆ ఊ ఆమె చెవిలోనే ఉంది. మగతలో ఉన్న రోగి అనే ఊ లాగే ఉంది.

"మా వార్డులో అలా అడగమమ్మా," అంది.

"మరెలా అడుగుతారు?"

"కదా అంటే ఎవరైనా ఊ అనే అంటారు. ఆయన నోటితో ఆయన్నే చెప్పనివ్వండి. మొన్న మంగళవారం పొద్దుట్నుంచి ఏం చేశారో."

పెద్ద డాక్టరు కుర్చీలో కదిలాడు. "సిస్టర్, మీరు వార్డుకి వెళ్లవచ్చు."

"ఉండనివ్వండి," అంది ట్రస్టావిడ. "చెప్పండి డాక్టరుగారూ."

చిన్న డాక్టరు చేతులు బల్ల కిందికి దించుకున్నాడు. ఇతను చెప్పడేమో, తన మాట గాలికి పోయిందేమో అనుకుంది సిస్టర్.

"పొద్దున ఓపీ," అన్నాడు చివరికి, బొంగురు గొంతుతో. "సార్‌కి వేరే పనుంది. మధ్యాహ్నం దాటాక పైన ల్యాబుకు వెళ్లాను. శాంపిల్స్ బయటికి తీశాను. వార్డు నుంచి ఫోనొచ్చింది, నరం దొరకడం లేదని. కిందికి దిగాను. తిరిగొచ్చేసరికి శాంపిల్స్ పాడైపోయాయి."

"అలా తరచుగా జరుగుతుందా?"

"దాదాపు ప్రతి వారం."

"ఎవరు చేస్తారు ఆ ఫోను?"

అతను బల్ల వైపే చూస్తున్నాడు. ఆయాసపడుతూ వార్డు గుమ్మంలో నిలబడిన అతని ముఖం, గోడ గడియారం వైపు చూసుకున్న తన ముఖం, రెండూ సిస్టర్‌కు కనిపించాయి.

"నేనేనమ్మా," అంది.

ట్రస్టు డబ్బు ఆపలేదు, అలాగని ఏడాదికీ ఇవ్వలేదు. మూడు నెలలకే ఇచ్చింది. ఆ రెండు రోజులూ ఓపీకి వేరే డాక్టరును పెట్టాలని, మధ్యలో చెప్పకుండా వచ్చి చూస్తామని అంది. పెద్ద డాక్టరు సిస్టర్‌తో అవసరానికి మించి మాట్లాడటం మానేశాడు. చిన్న డాక్టరు చదువు సంతకం దగ్గర ఆయన ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు. ఆమెకు మాత్రం నమ్మకం లేదు.

తర్వాతి మంగళవారం టీచరమ్మకు నరం దొరకలేదు. సిస్టర్ ఫోను దాకా వెళ్లి వెనక్కొచ్చి, డ్యూటీ డాక్టరును పిలిచింది. అతను మూడుసార్లు గుచ్చాడు.

"మన పిల్లాడు ఏడీ సిస్టర్?" అంది టీచరమ్మ కళ్లు మూసుకుని.

"మీ పని మీదే ఉన్నాడు. ఓర్చుకోండి."

ఆ మాట అన్నాక ఆమెకు నిలకడ లేదు. భోజనం వేళ డబ్బా విప్పకుండా పై అంతస్తుకు వెళ్లింది. తలుపుకు తాళం లేదు. అద్దానికి లోపల్నుంచి కాగితం అంటించి ఉంది. కింద సందులోంచి వెలుతురు వస్తోంది. లైటు వేసి పోయినవాళ్లను ఆమె చాలామందిని చూసింది. తలుపుకు చెవి ఆనించింది. ఏమీ వినపడలేదు. చెయ్యెత్తింది, తట్టకుండా గాల్లోనే ఆపింది.

లోపల కుర్చీ కిర్రుమంది.

"నేనే సిస్టర్," అంది బొంగురు తగ్గిన గొంతు. "ఇంక వెళ్లండి."