హీటర్ వెలిగించే పని

కారు వెనక తగిలించుకుని తిరిగే ఇల్లులాంటి మా పాత ట్రైలర్‌లో వేడినీళ్ల హీటర్ స్విచ్ వేస్తే వెలగదు. బయటి పక్కనున్న చిన్న రేకు తలుపు తీసి, గ్యాస్ నాబ్‌ని నొక్కి పట్టుకుని, పొడుగాటి లైటర్‌తో ముందు చిన్న మంట అంటించాలి. నాబ్ వెంటనే వదిలేస్తే ఆరిపోతుంది. ఆ అరలో పగలు కూడా చీకటే. నాన్న మోకాళ్ల మీద కూర్చుని అంటిస్తుంటే నేను టార్చ్‌లైటు పట్టుకునేదాన్ని. చిన్నప్పటి నుంచీ అదే నా పని. లైటర్ ఎప్పుడూ అడగలేదు. ఏదో ఒకరోజు ఆయనే ఇస్తాడనుకున్నాను.

ఈ ఏడు మంచు కరిగాక మొదటిసారి అమెరికాలో మేముండే ట్రాయ్ నుంచి సరస్సు దగ్గరి క్యాంప్‌గ్రౌండ్‌కి బయల్దేరినప్పుడు బాబాయి కూతురు కూడా వచ్చింది. గుంటూరు నుంచి ఎమ్మెస్ చదవడానికి ఈమధ్యే వచ్చింది. దారి పొడుగునా ముందు సీట్లో అదే కూర్చుంది. ఇక్కడే పెరిగిన నాకు తెలుగు పుస్తకాల వల్లే వచ్చింది. రాయమంటే రాస్తాను, మాట్లాడబోతే తడబడతాను. ఒక జోకుకి నేను నవ్వేసరికి వాళ్లిద్దరూ ఇంకో జోకులో ఉన్నారు.

ట్రైలర్ నిలిపి నీళ్ల పైపు తగిలించాక నాన్న లైటర్ తీసి చెల్లి చేతికిచ్చాడు.

"పెదనాన్నా, నేను పేలిపోతే మా నాన్నకి ఏం చెప్తావ్?"

"పీడ వదిలిందని చెప్తాలేవే. ముందు లోపల వేడినీళ్ల ట్యాప్ తిప్పి చూసి రా. ట్యాంకులో నీళ్లు లేకుండా వెలిగిస్తే మాడిపోద్ది."

అది వెళ్లొచ్చింది. "ధారగా వస్తున్నాయ్!"

ట్యాంకులో చుక్క లేదని నాకు తెలుసు. చలికి గడ్డకట్టి పగలకుండా, పోయిన శీతాకాలానికి ముందే దాన్ని ఖాళీ చేశాం. నీళ్లు ట్యాంకులోకి పోకుండా పక్కనుంచి ట్యాప్‌కి వెళ్లేలా మంచం కింద వాల్వ్ తిప్పింది నేనే, నాన్న చెప్తుంటే. మళ్లీ వెనక్కి తిప్పేదాకా ట్యాప్‌లో నీళ్లొస్తాయి, ట్యాంకు మాత్రం నిండదు. నాతో వచ్చినప్పుడు ఎన్నడూ మర్చిపోని మనిషి, దాని కబుర్లలో పడి మర్చిపోయాడు.

మాడితే మాడనీ అనుకున్నాను. ఇక ఆ లైటర్ దాని చేతికి ఎవరిస్తారు?

అది నాబ్ నొక్కి లైటర్ లోపలికి పెట్టింది.

"వద్దు! ఆపు! నాన్నా, బైపాస్ వాల్వ్... మనం టర్న్ చెయ్యలేదు!"

నా గొంతు పక్క ట్రైలర్ దాకా వినిపించి ఉంటుంది. నాన్న తల పట్టుకున్నాడు. "కొంప మునిగేదే! ఎట్లా మర్చిపోయాను?"

టార్చ్ అక్కడే పెట్టి లోపలికి వెళ్లాను. మంచం కింద దూరి వాల్వ్ తిప్పి, వేడినీళ్ల ట్యాప్ తెరిచాను. చాలాసేపు గాలి కక్కింది, తుంపర్లు చిమ్మింది. ధార నిలకడగా వచ్చాకే కట్టేసి బయటికొచ్చాను.

చెల్లి లైటర్ నా ముందుకి చాపింది. "నువ్వే వెలిగించక్కా. నాకసలేం తెలీదు."

"అవునమ్మా, నువ్వే కానీ," అన్నాడు నాన్న.

ఇన్నేళ్లూ నాన్న చేతి నుంచి రావాల్సింది దాని చేతి నుంచి వచ్చింది. తీసుకోకూడదనుకున్నాను. తీసుకున్నాను. మోకాళ్ల మీద కూర్చుని నాబ్ నొక్కాను. చిన్న నీలి మంట లేచింది. బొటనవేలు నొప్పెట్టినా వదల్లేదు.

వెనకనుంచి ఇప్పుడు టార్చ్ పట్టుకున్నది చెల్లి. నాన్న ఏదో అన్నాడు, అది పకపకా నవ్వింది. నవ్వుతోపాటు వెలుతురూ మంట మీద నుంచి పక్కకి ఊగిపోయింది.

"కదలకుండా పట్టుకో," అన్నాను, వెనక్కి తిరగకుండానే.

నేను ఎన్నడూ కదలనివ్వలేదు.