జ్వరం గది

మా ఇంట్లో జ్వరానికంటూ ఒక గది ఉంది. ఒకప్పుడు అందులో మిరపకాయల బస్తాలు వేసేవాళ్లం. ఇప్పుడు నా భార్యకు ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, చాపా చెంబూ తీసుకుని అందులోకి వెళ్లి గడియ పెట్టుకుంటుంది. ఆరేళ్ల మా అమ్మాయి బయట నిలబడి నుదుటితో తలుపు కొడుతుంది. దానికింకా మాటలు రాలేదు. వాళ్లమ్మ చెవి తమ్మె పట్టుకోకపోతే నిద్ర కూడా రాదు.

తన జ్వరం అంటుకున్నా పిల్లకున్న ఆటిజం పెరగదని నా భార్యకు తెలుసు. అడిగితే "ఎందుకైనా మంచిదండీ" అంటుంది.

ఈ భయం రెండేళ్ల కిందట గుంటూరులో మొదలైంది. పిల్లల డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుని, కడుపుతో ఉన్నప్పుడు జ్వరమేమన్నా వచ్చిందా అని అడిగింది. ఐదో నెలలో వచ్చిందని నా భార్య చెప్పింది.

"మందులు కొట్టే పొలాల్లో తిరిగావామ్మా?"

నా భార్య నా వైపు చూసింది.

"లేదండీ, ఇంటిపట్టునే ఉండేది" అన్నాను. మంచి స్పష్టమైన తెలుగులో అన్నాను.

ఆ ఐదో నెలలో మిరపతోటకు తామరపురుగు పట్టింది. నేను మందు కొడుతుంటే వెనక పైపు లాగాల్సిన మనిషి ఆ రోజు రాలేదు. ఒక్క పూటే కదా అని నా భార్యను రమ్మన్నాను. నేను కెమిస్ట్రీలో డిగ్రీ చదివినవాణ్ణి. డబ్బా మీది చిన్నక్షరాలు ఊళ్లో నా అంత బాగా చదివేవాడు లేడు. గర్భిణులు దూరంగా ఉండాలని రాసుంది. చదివాను. చదువు అంతవరకే పనికొచ్చింది. గాలి మళ్లింది, ఆవిడ చీర తడిసింది. మర్నాటికి జ్వరం.

జ్వరమొచ్చినప్పుడు తల్లి ఒంట్లో రోగనిరోధక శక్తి పోరాటానికి దిగుతుందనీ, ఆ సెగ లోపలి బిడ్డ మెదడుకు తగులుతుందేమోనని పరిశోధనలు జరుగుతున్నాయనీ డాక్టరమ్మ చెప్పింది. పురుగుమందుల మీదా అలాగే చూస్తున్నారట. "జన్యువుల్లో ఉండే కారణాలే ఎక్కువ. మీ పాపకు ఫలానా దానివల్లేనని ఎవరూ చెప్పలేరు" అని రెండుసార్లు అంది. నా భార్య జ్వరం వరకే విన్నది. ఇంటికొచ్చాక మా అమ్మ "నే చెప్పలా, ఆ జ్వరమే పిల్లనిట్టా చేసింది" అని తీర్పు కూడా ఇచ్చేసింది. నేను అడ్డం చెప్పలేదు. కుదురుగా ఉండటంలో నాకు మంచి పేరుంది.

మొన్న కోతలప్పుడు నా భార్యకు మళ్లీ జ్వరం వచ్చింది. మధ్యాహ్నం పిల్ల తలుపు కొట్టీ కొట్టీ నుదురు కందిపోయింది. దాన్ని ఒళ్లోకి లాక్కుని తలుపు పక్కనే కూర్చున్నాను.

"ఏమే, వినపడుతుందా? ఆ రోజు డాక్టరుకు అబద్ధం చెప్పాను."

"విన్నాగా. పక్కనే ఉన్నా" అంది లోపల్నుంచి.

"మరి అప్పుడే అనొచ్చుగా?"

"మీ మొహం చూశా. ఇంకేం అంటా?"

"పొలానికి తీసుకెళ్లింది నేను. నీ జ్వరమొక్కటే ఎందుకవ్వాలి? ఆ మందు వల్లేమో, అసలు రెండూ కావో."

లోపల చెంబు నేలకు తగిలింది.

"రానని నేను చెప్పాల్సింది" అంది. "కడుపుతో ఉన్న సంగతి నాకు తెలియదా? మీరు పిలవంగానే వచ్చా."

ఆవిడ నెత్తి మీది బరువు కొంత దించుదామని కూర్చున్నవాణ్ణి ఇంకొకటి ఎత్తి పెట్టాను.

"గడియ తియ్యవే. పిల్ల చూడు, ఎట్టా అయిపోయిందో."

"తగ్గాక తీస్తా."

పిల్ల నా ఒళ్లోంచి జారి వెళ్లి, ఈసారి కొట్టకుండా, తలుపుకు చెంప ఆనించి నిలబడింది. అవతల, సరిగ్గా అంత ఎత్తులోనే, చెక్కకు గాజులు తగిలిన చప్పుడైంది.